ఎన్ని గంటలు పడుకున్నావు?



కిందటి శ్రావణమాసంలో ఒక సాయంత్రం మా వీధి చివర ఉండే ఒకావిడ వచ్చి మా అరుగు మీద కూర్చుంది. వెనకాలే వాళ్ళబ్బాయి. ఇరవయ్యేళ్ళు నిండాయి. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. రెండేళ్ళుగా ట్రక్కు ఆటో తోలుతున్నాడు. ఆవిడ నన్నొక మాట అడిగింది.

"అన్నయ్య గారూ, వీడు లారీ ఎక్కుతానంటున్నాడు. మీరు ముప్పయ్యేళ్ళు తోలారు కదా. ఎక్కనివ్వమంటారా, వద్దంటారా? ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటలో చెప్పడం నావల్ల కాలేదు. ఆ పూట వాళ్ళతో ఏదో చెప్పాను. వాళ్ళు వెళ్ళిపోయాక, అది చెప్పకపోతినే, ఇది చెప్పకపోతినే అని చాలాసేపు అనుకున్నాను. చెప్పిందీ, చెప్పకుండా మిగిలిపోయిందీ కలిపి ఈ పూట మీ ముందు పెడుతున్నాను. ఇంట్లో లారీ ఎక్కాలనుకునే కుర్రాడున్న ప్రతి తల్లీ తండ్రీ వినాలని నా కోరిక.

నేను 1989లో, పదిహేడేళ్ళ వయసులో క్లీనరుగా ఎక్కాను. 2021లో స్టీరింగు వదిలాను. మధ్యలో సిమెంటు తోలాను, బియ్యం తోలాను, గుంటూరు మిర్చి తోలాను. కానీ ఎక్కువ కాలం కైకలూరు, ఆకివీడు చేపల లోడుతో కలకత్తా లైనులోనే తిరిగాను.

ముందు ఈ పనిలో ఉన్న మంచి చెబుతాను. ఎందుకంటే ఆ మంచి నా ఇంటిని నిలబెట్టింది.

చేతిలో హెవీ లైసెన్సు ఉన్నవాడు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఏ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు నిలబడినా, "బండి ఎక్కుతావా?" అని వాళ్ళే అడుగుతారు. కొత్త బండి కొని, డ్రైవరు దొరక్క షెడ్డులో పెట్టుకుని కిస్తీలు కడుతున్న ఓనర్లు నాకు తెలుసు. చదువు అడ్డం రాదు. ఇదివరకు ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నిబంధన ఉండేది, 2019లో కేంద్రం దాన్ని కూడా తీసేసింది. ఇరవయ్యేళ్ళు నిండాలి. ముందు కారు లైసెన్సు తీసుకుని ఏడాది గడవాలి. డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. ఆ తర్వాత హెవీకి వెళ్ళొచ్చు. సిఫారసులు అక్కర్లేదు, కులం అడగరు. బండి సరిగ్గా తోలతావా, సరుకు భద్రంగా దించుతావా, అంతే చూస్తారు.

ఇక డబ్బు. కొందరికి నెల జీతం, కొందరికి ట్రిప్పుకింతని లెక్క. పైన రోజుకు బత్తా. పొదుపరి అయితే బత్తాతోనే తిండి గడుస్తుంది, జీతం ఇంటికి చేరుతుంది. మాది సెంటు భూమి లేని కుటుంబం. ఆ జీతంతోనే ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశాను, రెండు గదుల డాబా వేశాను, కొడుకుని డిప్లొమా చదివించాను. ఊళ్ళో కూలికి వెళ్ళి ఉంటే ఇందులో సగం కూడా అయ్యేది కాదు.

మూడోది, ఈ పని నేర్పే విద్య. నేను బడిలో చదివింది ఏడో తరగతి దాకా. కానీ హిందీ, ఒరియా, బెంగాలీ మాట్లాడతాను. చిలకసరస్సు మీద తెల్లవారడం చూశాను. కొలాఘాట్ దగ్గర నది దాటుతుంటే ఇక కలకత్తా వచ్చేసినట్టే అనుకుని ఊపిరి పీల్చుకునేవాడిని. అట్లాసులో ఉన్న ఊళ్ళు నాకు టీ కొట్ల పేర్లతో సహా తెలుసు.

అసలు తోలడమే పెద్ద విద్య. లోడు బండితో ఘాటీ ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని మా గురువు మొదటి రోజే చెప్పాడు. చిత్తూరు దాటాక మొగిలి ఘాటు లాంటి చోట న్యూట్రల్లో దిగితే నాలుగు చుక్కల డీజిలు మిగులుతుందని ఆశపడినవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే పనిగా బ్రేకు తొక్కితే డ్రమ్ములు వేడెక్కి, ఆఖరికి బ్రేకు పట్టదు. ఇంజను చేతే బండిని ఆపించుకోవాలి. రాడ్డుతో టైరు మీద కొడితే వచ్చే మోతని బట్టి గాలి ఎంతుందో చెప్పేవాళ్ళం. కమాను పట్టీ విరిగితే బండి నడకలోనే తెలిసిపోయేది. పట్టా ఎలా కప్పాలి, తాడు ఎక్కడ బిగించాలి, బరువు ముందుకు పడకుండా లోడు ఎలా సర్దించాలి, ఇవన్నీ చేత్తో నేర్చుకున్న విద్యలు. ఏ పుస్తకంలోనూ లేవు.

ఇంకొకటి చెప్పాలి. 2020 మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. హోటళ్ళు లేవు, ధాబాలు లేవు. నిత్యావసర సరుకు మోసే బళ్ళను మాత్రం పోనిచ్చారు. ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక ఊరివాళ్ళు బల్ల వేసి, వచ్చే ప్రతి లారీని ఆపి అన్నం పెట్టారు. ఒకామె నాకు పఖాళ పోసింది. పఖాళ అంటే మన చద్దన్నం లాంటిదే. "మీరు ఆగిపోతే మేం తినేదేంటి బాబూ" అని తెలుగులోనే అంది. ముప్పయ్యేళ్ళలో నా పనికి దక్కిన పెద్ద గౌరవం అదే.

ఇప్పుడు కష్టం సంగతి.

మేం అమ్ముకునేది చేతిపని అని జనం అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. స్టీరింగు వదిలాక అర్థమైంది, మేం అమ్ముకున్నది మా నిద్రని. జీతం, బత్తా అన్నీ దానికే వచ్చాయి.

చేపల లోడు ఎలా ఉంటుందో చెబుతాను వినండి. తెల్లవారుజామున చెరువులో వలవేస్తారు. మధ్యాహ్నానికి కట్ల, రోహు ఐసు ముక్కల్లో సర్ది బండికెక్కిస్తారు. ఆ క్షణం నుంచీ ఐసు కరుగుతూనే ఉంటుంది. మా గడియారం అదే. కైకలూరు నుంచి హౌరాకి సుమారు పన్నెండు వందల కిలోమీటర్లు. అక్కడ వేలం తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ వేళకి బండి అందకపోతే ధర పడిపోతుంది, ఆ నష్టం కిరాయిలో కోస్తారు. లోడు బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు అటూ ఇటుగా ఇస్తుంది. అంటే వెళ్ళడానికే మూడు వందల లీటర్లు. లీటరు వంద రూపాయలకు దగ్గరైన ఈ రోజుల్లో ముప్పై వేలు డీజిలుకే పోతాయి. తర్వాత టోలు, దారి ఖర్చులు, చేతులు తడపాల్సిన చోట్లు. ఓనరు ఎక్కడ తగ్గించుకోగలడు? డీజిలు తగ్గదు, టోలు తగ్గదు. తగ్గేది డ్రైవరు పడుకునే గంటలే.

1997లో, చలికాలం. తునికి ఇవతల, రాత్రి మూడు దాటింది. అప్పుడు ఐదో నంబరు హైవే రెండు వరసల రోడ్డు, ఇరుపక్కలా చింతచెట్లు. నా కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ రోడ్డు కనపడటం ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. "గురూ!" అని మా క్లీనరు అరిచి నా భుజం మీద కొట్టాడు. అప్పటికే ఎడమ చక్రాలు మట్టిలో దిగాయి. బండి ఆగాక దిగి చూస్తే బంపరుకీ చెట్టుకీ మధ్య జానెడు దూరం. ఇద్దరం పొద్దెక్కేదాకా ఆ చెట్టు కిందే కూర్చుండిపోయాం. ఆ ట్రిప్పులో ఆలస్యానికి మా ఓనరు కోత పెట్టాడు. చెట్టు సంగతి ఆయనకు చెప్పలేదు. నా భార్యకు చెప్పడానికి పదేళ్ళు పట్టింది.

నిద్రమత్తు కునికిపాటుతో మొదలవదు. కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మనసు పడుకుంటుంది. టీ తాగినా, మొహం కడుక్కున్నా, జర్దా నమిలినా అది పోదు, కాసేపు వాయిదా పడుతుందంతే. నిద్రకు మందు నిద్ర ఒక్కటే. కొత్తగా ఎక్కేవాళ్ళకు నేను చెప్పే మొదటి పాఠం ఇది.

మీరు అడగొచ్చు, అవన్నీ పాత రోజులు, ఇప్పుడు రోడ్లు బాగుపడ్డాయి కదా అని. నిజమే, చాలా బాగుపడ్డాయి. రెండు వరసల రోడ్డు నాలుగు వరసలైంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఒకప్పుడు అక్కడ పూటలకు పూటలు వరసలో నిలబడేవాళ్ళం. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. పవర్ స్టీరింగు వచ్చింది. 2025లో కొత్తగా తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. మే నెలలో ఇంజను సెగకు ఒళ్ళు కాగిపోతూ తోలిన నాకు ఆ కబురు వింటే కళ్ళు చెమర్చాయి.

కానీ ఆ మిగిలిన గంటలు ఎవరికి దక్కాయి? చెక్‌పోస్టు దగ్గర నిలబడినప్పుడు కనీసం క్యాబిన్లో నడుం వాల్చేవాళ్ళం. ఇప్పుడు ఆ గంటలు ఇంకో ట్రిప్పులోకి వెళ్ళిపోయాయి. నెలకు నాలుగు ట్రిప్పులు కొట్టే చోట ఆరు కొట్టమంటున్నారు. పైగా ఖర్చు తగ్గించుకోవడానికి చాలా బళ్ళలో క్లీనర్ని తీసేశారు. ఆ రాత్రి తుని దగ్గర నా భుజం మీద కొట్టిన చెయ్యి, ఈనాటి డ్రైవరు పక్కన లేదు. రివర్సు చేసేటప్పుడు "రానీ, రానీ" అనే గొంతు లేదు. కబుర్లు చెప్పి మెలకువగా ఉంచే మనిషి లేడు. ఆ సీటు మా బడి కూడా. నాలుగేళ్ళు అక్కడ కూర్చుని చూసి చూసి పని నేర్చుకునేవాళ్ళం. ఇప్పుడు కుర్రాళ్ళు ఎక్కడ నేర్చుకుంటారు?

ఒక లెక్క చెబుతాను. సిమెంటో నూనో వేసుకెళ్ళే బండికి ఈ-వే బిల్లు కావాలి. ఆ కాగితానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువిస్తారు. పన్నెండు వందల కిలోమీటర్లయితే ఆరు రోజులు. కాగితానికి ఆరు రోజులిచ్చిన దూరాన్ని మనిషిని రెండు రాత్రుల్లో చేరమంటున్నాం.

చట్టం ఈ సంగతి ఎప్పుడో ఆలోచించింది. 1961లో పార్లమెంటు మోటారు రవాణా కార్మికుల చట్టం చేసింది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని, ఐదు గంటలు తోలాక కనీసం అరగంట విశ్రాంతి, వారానికో రోజు సెలవు అని అందులో రాశారు. నేను ముప్పయ్యేళ్ళలో ఒక్క వారం కూడా అలా పనిచేయలేదు. నాతో తిరిగినవాళ్ళెవరూ పనిచేయలేదు.

2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయని, 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క చెప్పింది. అందులో నిద్ర వల్ల ఎన్ని జరిగాయో పోలీసు కాగితాల్లో సరిగ్గా దొరకదు. "అతివేగం" అని రాస్తారు, "అజాగ్రత్త" అని రాస్తారు. ఆ డ్రైవరు అంతకుముందు ఎన్ని గంటలుగా మేలుకుని ఉన్నాడని ఎవరూ అడగరు.

మిగతా కష్టాలు కూడా చెప్పాలి. ఒళ్ళు గుల్లవుతుంది. క్లచ్చు తొక్కి తొక్కి ఎడమ మోకాలు, కూర్చుని కూర్చుని నడుము. వేళకు తిండి లేక సుగరు, బీపీ. మూత్రం ఆపుకోవడం అలవాటై వచ్చే జబ్బులు. కళ్ళు మసకబారినా పని పోతుందని దాచుకునేవాళ్ళున్నారు.

ఇంటి సంగతి ఇంకా కష్టం. మా అబ్బాయి పుట్టినప్పుడు నేను భద్రక్‌లో ఉన్నాను. మా నాన్న పోయినప్పుడు వచ్చేసరికి చితి ఆరిపోయింది. పిల్లలు పెద్దవాళ్ళవడం ఎవరో చెబితే విన్నట్టుంది నాకు. సంబంధాలు చూసేటప్పుడు లారీ డ్రైవరంటే పిల్లనివ్వడానికి వెనకాడతారు. తాగుతాడనీ, తిరుగుతాడనీ అనుమానం. ఏ తప్పూ చేయనివాడు కూడా ఆ మాట పడాలి.

ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదైనా పెద్ద బండిదే అంటారు. జనం కొడతారు. ఆ భయంతో పారిపోయేవాళ్ళున్నారు. పారిపోవడాన్ని నేను సమర్థించను, దెబ్బతిన్న మనిషికి ఆ నిమిషాలే ప్రాణం. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం గాయపడినవాళ్ళకు వైద్యం అందేలా చూడాలి. జనం మీదపడే పరిస్థితి ఉంటే మాత్రం దానికి మినహాయింపు ఉంది. కానీ 24 గంటల్లోగా దగ్గర్లోని పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పి తీరాలి. ఈ మాట ప్రతి డ్రైవరుకీ తెలియాలి. చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా జైలనే కొత్త నిబంధన మీద 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు బళ్ళు ఆపేశారు. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన ఆ రెండు రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ నిబంధనను ప్రభుత్వం అమల్లో పెట్టకుండా ఆపింది. ఆ రోజుల్లో చాలామంది మమ్మల్ని తిట్టారు. మా భయం ఏమిటని అడిగినవాళ్ళు తక్కువ.

సొంత బండి కొనాలనే ఆశ ఉంటుంది చూశారూ, దాని దగ్గర చాలా జాగ్రత్త. ఓనర్-కమ్-డ్రైవరుగా మారి బాగుపడినవాళ్ళున్నారు. కానీ ఒక ఇంజను రిపేరు, ఒక నెల లోడు లేకపోవడం, అంతే, కిస్తీ తప్పి ఫైనాన్సువాళ్ళు బండి పట్టుకుపోయిన ఇళ్ళే నేనెక్కువ చూశాను. కిస్తీ కోసం ఓవర్‌లోడు వేస్తారు. పట్టుబడితే 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. కనీసం పదేళ్ళు తోలి, కిస్తీలకు ఆరు నెలల సొమ్ము చేతిలో పెట్టుకున్నాకే ఆ మాట ఎత్తాలి.

2020లో సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ దేశంలో వెయ్యిమందికి పైగా లారీ డ్రైవర్లను కలిసి మాట్లాడింది. మీ బంధువుల పిల్లలకు ఈ పని మంచిదని చెబుతారా అంటే నూటికి ఎనభై మందికి పైగా చెప్పం అన్నారు. ఆ ఎనభై మందిలో నేనూ ఉండేవాణ్ణే. అందుకే ఆ తల్లి అడిగినప్పుడు నోరు పెగల్లేదు.

మరి ఏం చెప్పాను?

"ఎక్కనివ్వమ్మా" అన్నాను. "కానీ కొన్ని షరతులున్నాయి."

అబ్బాయితో ఇలా చెప్పాను. "ఒరే అబ్బాయ్, ఎవరి బండో నాలుగు రోజులు తిప్పి నేర్చేసుకున్నాననుకోకు. సరిగ్గా నేర్పే చోటికి వెళ్ళు. సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవింగు శిక్షణ సంస్థ ఉంది, తమిళనాడులో నామక్కల్‌లో ఉంది. ఆ తర్వాత కూడా ఒక ఏడాది పెద్ద డ్రైవరు పక్కన సెకండు డ్రైవరుగా తిరుగు. జీతం తక్కువైనా సరే. ఓనరుతో బేరమాడేటప్పుడు జీతం ఎంత అని అడిగే ముందు, కలకత్తా ట్రిప్పుకు ఎన్ని రోజులిస్తారని అడుగు. ఇద్దరు డ్రైవర్లనిస్తారా అని అడుగు. ఇవ్వననేవాడి బండి ఎక్కకు. నీలాంటివాళ్ళు దొరక్క బళ్ళు ఆగి ఉన్నాయి, అడిగే బలం ఇప్పుడు నీకుంది. మాకు లేదు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య బండి పక్కకు తీసి పడుకో. రోడ్డు మీద కాదు, బంకులోనో, లారీలు ఆగే చోటులోనో. ఏడాదికోసారి కళ్ళు, బీపీ, సుగరు చూపించుకో. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉంది. రేపే కట్టు."

ఈ మాటలు వింటున్న ఓనర్లకు, సరుకు పంపేవాళ్ళకు, దించుకునేవాళ్ళకు నాదొక విన్నపం. ఐసు మీద చూపే శ్రద్ధలో కొంత మనిషి మీద చూపండి. మీ గోడౌను దగ్గర బండి రెండు రోజులు నిలబడితే ఆ డ్రైవరుకు ఒక మరుగుదొడ్డి, ఒక కుళాయి, ఒక నీడ ఉండేలా చూడండి. కార్లలో తిరిగే పెద్దలకు ఇంకో విన్నపం. హైవే పక్కన ఆగిన లారీ కింద నీడలో ఎవరన్నా పడుకుని కనిపిస్తే హారను కొట్టకండి. ఆ నిద్రలో ఆయన ప్రాణంతో పాటు ఎదురొచ్చేవాళ్ళ ప్రాణాలు కూడా ఉన్నాయి.

చివరగా ఆ తల్లికి ఒక్క మాట చెప్పాను. నేను తోలిన రోజుల్లో ఇంటికి ఫోను చేస్తే ఎప్పుడూ ఒకటే ప్రశ్న, "ఎక్కడిదాకా వచ్చావు?" ప్రేమతోనే అడిగేవాళ్ళు. కానీ ఆ ప్రశ్న వినగానే నా కాలు యాక్సిలరేటరు మీద ఇంకాస్త నొక్కుకునేది. "నువ్వు అది అడగొద్దమ్మా" అన్నాను. "ఎన్ని గంటలు పడుకున్నావు అని అడుగు."

అబ్బాయి ఎక్కి ఇప్పటికి ఏడు నెలలైంది. ఇద్దరు డ్రైవర్లుండే బండే దొరికింది, నాగపూర్ లైను. మొన్న ఆవిడ మా ఇంటి ముందు నిలబడి వాడితో ఫోను మాట్లాడుతోంది. నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. "తిన్నావా" అంది. "ఎన్ని గంటలు పడుకున్నావురా" అంది. అటు నుంచి ఏం చెప్పాడో నాకు వినపడలేదు. ఆవిడ నా వైపు తిరిగి, ఆరు అన్నట్టు వేళ్ళు చూపించింది.